చలి ముదరక ముందే: మూడు వేల రూపాయల ఇంటి లెక్క

కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టిన ఉదయమే మా ఇంట చలికాలం ప్రవేశించినట్టు లెక్క. ఆ మర్నాటి నుంచి పెరుగు సరిగా తోడుకోదు. స్నానమంటే పిల్లలు మంచం కిందికి దూరుతారు. ఫజ్ర్ వేళ కుళాయి తిప్పబోయిన చెయ్యి ఒక క్షణం వెనకాడుతుంది. అప్పుడు లేచి బజారుకు పరుగెత్తితే కంబళి ధర, స్వెట్టరు ధర అమ్మేవాని ఇష్టం. కనుకనే వానలు వెనకపట్టి ఎండ తెల్లగా కాసే అక్టోబరు, నవంబరు మాసాలలోనే ఇంటిని సిద్ధం చేసుకొమ్మని పాఠక సోదరీ సోదరులకు మనవి చేస్తున్నాము. ఈ మనవిని మా ఇంటి జమాఖర్చుల పుస్తకం ఎదుట పెట్టుకొని చేస్తున్నాము. అందులో మా తెలివి కంటే మా పొరపాట్లే ఎక్కువగా ఉన్నాయి. వాటిని దాచవలసిన అవసరం మాకు కనిపించలేదు.

మేము ఆదిలాబాద్ పట్టణంలో ఉంటున్నాము. ఇంట్లో ఆరుగురం: ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు, డెబ్బయ్యో పడి దాటిన నానీమా. రెండు గదులకు స్లాబు ఉంది, వంటిల్లు రేకులది. తెలుగునాట ఇళ్లను ఎండ బాధ తప్పించుకోవడానికి కట్టుకున్నారే తప్ప చలిని దృష్టిలో ఉంచుకొని కాదు. సముద్రతీరపు జిల్లాలవారికి అది పెద్ద లోటుగా తోచదు. కాని మా ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గాని, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి కొండలలో గాని డిసెంబరు, జనవరి రాత్రులు ఎలా ఉంటాయో అక్కడ కాపురమున్నవారికే తెలుస్తుంది. కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీలకు దిగిపోతాయి. పసిపిల్లలకు, వృద్ధులకు, ఉబ్బసం ఉన్నవారికి అది కేవలం అసౌకర్యం కాదు, ఆరోగ్య సమస్య.

నిరుడు మేము చేసిన తప్పులు

నిరుడు మేము ఏ సన్నాహమూ చేసుకోలేదు. డిసెంబరు నడుమ చలిగాలులు మొదలయ్యాక ఒక దుకాణానికి వెళ్లి రెండు మందపాటి పాలిస్టర్ కంబళ్లు, ఒక రూమ్ హీటరు వాయిదాల మీద తెచ్చుకున్నాము. వడ్డీ లేదన్నారు, సంతోషించాము. రెండో నెలలో కాగితాలు నిదానంగా చదివితే వేరే పేరుతో అదనపు మొత్తం ఉండనే ఉంది. అమ్మినవారిని నిందించి లాభం లేదు. చదవకుండా సంతకం చేసింది మేమే. వడ్డీకి దూరంగా ఉండాలని పిల్లలకు చెప్పే ఇంట్లో ఆ కాగితం చాలా రోజులు బల్ల సొరుగులోనే మడిచి ఉండిపోయింది. పత్తికి పేరుపొందిన జిల్లాలో పుట్టి, పాలిస్టర్ కంబళిని అప్పు చేసి కొన్నామన్న సంగతి మరీ ఆలస్యంగా స్ఫురించింది.

ఇక హీటరు. అది 2,000 వాట్లది. రాత్రి నాలుగు గంటలు వాడితే 8 యూనిట్లు, నెలకు 240 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హతగల కుటుంబాలకు ఉచితంగా లభించేది నెలకు 200 యూనిట్ల వరకే. ఆ హద్దు దాటితే ఆ నెల బిల్లు మనమే కట్టుకోవాలి. ఇంటి మొత్తానికి సరిపోవలసిన విద్యుత్తును మించి ఆ ఒక్క హీటరే తాగేసింది. బిల్లు చేతికి వచ్చిన రోజునే దానిని అటక ఎక్కించాము.

మూడో తప్పు అన్నిటికంటే పెద్దది. హీటరు మానేశాక పాత కుంపటి బయటికి తీశాము. బొగ్గులు రాజేసి, పొగ లేకుండా ఎర్రగా అయ్యాక పడకగదిలో పెట్టి, తలుపులు, కిటికీలు బిగించి పడుకున్నాము. పొగ లేదు గనుక ప్రమాదమూ లేదనుకున్నాము. నడిరాత్రి నానీమా తల పగిలిపోతున్నదని, కడుపులో తిప్పుతున్నదని లేచారు. నిలబడబోయి గోడ పట్టుకొని కూర్చుండిపోయారు. నడిమి పిల్లను లేపితే కళ్లు తెరవలేదు. ఏమి జరుగుతున్నదో అర్థమయ్యే లోపే ఎవరో తలుపు తీశారు. ఆ పని చేసింది ఎవరో ఇప్పటికీ మాకు సరిగా జ్ఞాపకం లేదు. బయట చలిలో, అరుగు మీద పిల్ల కళ్లు తెరిచే వరకు గడిచిన ఆ కొన్ని నిమిషాలను మాటలలో పెట్టలేము. అల్లాహ్ దయవల్ల ఆసుపత్రి నుంచి మర్నాడు అందరమూ ఇంటికి చేరాము.

మండే బొగ్గుకు తగినంత గాలి అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ప్రాణవాయువుకు దక్కవలసిన చోటును ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్న మనిషికి తెలివి వచ్చే అవకాశమే ఇవ్వదు. బొగ్గు కుంపటి, కట్టెల నిప్పు, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు, అన్నిటిదీ ఇదే గుణం. నిద్రించే ముందు ఇంట్లోని నిప్పును ఆర్పివేయాలని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మాకు చిన్ననాటి నుంచి తెలుసు. ఆ రాత్రి మాత్రం గుర్తుకు రాలేదు. ఈ వ్యాసంలో మరేదీ మనసుకు పట్టకపోయినా సరే, పాఠకులు ఈ ఒక్క మాటను ఇంటిల్లిపాదికీ చెప్పవలసిందిగా కోరుతున్నాము: మూసిన గదిలో నిప్పు పెట్టుకొని పడుకోరాదు.

వేడిని కొనే ముందు, ఉన్న వేడిని నిలుపుకోవాలి

ఈ ఏడు మేము లెక్కను తిరగవేశాము. గదిని వేడి చేయడం ఖరీదైన పని. మనిషి ఒంట్లోని వేడిని పోకుండా కాపాడటం చౌక అయిన పని. సూర్యుడు ఇచ్చే వేడికి అసలు ధరే లేదు.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. అందువల్ల దక్షిణపు కిటికీ నుంచి ఎండ గదిలోకి లోతుగా పడుతుంది. ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు ఆ కిటికీ తెరలు పూర్తిగా తీసివేసి, నాలుగు గంటలకల్లా మూసివేస్తున్నాము. స్లాబు పగటి వేడిని కొంత రాత్రి వరకు నిలుపుకుంటుంది. అర్ధరాత్రి దాటాక అదే చల్లబడి గదిని చల్లబరుస్తుంది. రేకుల ఇల్లు ఆ మాత్రం కూడా ఆగదు, పొద్దు గుంకగానే చల్లబడుతుంది. కనుక రేకుల కింద ఎవరినీ పడుకోనివ్వక, ఆరుగురమూ స్లాబు గదులలోనే సర్దుకుంటున్నాము.

తలుపు కింది సందులోంచి వచ్చే గాలి చిన్నదిగా కనిపిస్తుంది గాని, నేల మీద పడుకునేవారికి అదే పెద్ద శత్రువు. పాత పైజామా కాలును కత్తిరించి, అందులో చింకి గుడ్డలు కూరి, రెండు వైపులా కుట్టి తలుపు అడుగున పెట్టాము. పగిలిన కిటికీ అద్దానికి అట్ట అతికించాము. వీధి తలుపుకు గోనెసంచుల తెర కట్టాము. అయితే పైన ఉన్న గవాక్షాలలో ఒకదానిని ఎన్నడూ మూయము. నిరుటి రాత్రి నేర్పిన పాఠం అది. నిప్పు లేకపోయినా, ఎక్కువమంది పడుకునే గదికి గాలి రాకపోక తప్పనిసరి.

షాబాదు బండల నేల చలికి మంచుగడ్డలా తగులుతుంది. ఉతికి ఆరవేసిన నాలుగు గోనెసంచులను జతచేసి, పైన పాత చీర కుట్టి పట్టాలు తయారుచేశాము. పిల్లలు చదువుకునేటప్పుడు వాటి మీదే కూర్చుంటారు. నమాజు చాపల కింద కూడా అవే పరుస్తున్నాము. సజ్దాలో నానీమా మోకాళ్లకు, చేతులకు హాయిగా ఉన్నదట.

రజాయిలు, బొంతలు, గొంగళ్లు

రాత్రి చలి పైనుంచే వస్తుందని మనం అనుకుంటాము. నిజానికి కింది నుంచి పోయే వేడి తక్కువేమీ కాదు. ఒంటి బరువుకు పరుపులోని దూది అణిగిపోయి, అందులో గాలి మిగలదు. వేడిని ఆపేది దూది పోగులు కావు, వాటి నడుమ నిలిచిన గాలి. కనుక ఉన్న రెండు కప్పులలో ఒకదానిని కింద పరుచుకుంటే, రెండూ పైన కప్పుకున్నదాని కంటే వెచ్చగా నిద్రపడుతుంది. పరుపు కింద చాప, చాప కింద గోనె లేదా అట్టలు వేసినా మంచిదే.

మా ఇంట రెండు పాత రజాయిలు ఉన్నాయి. ఏళ్ల తరబడి వాడి వాడి దూది ఉండలు కట్టి, నడుమ ఖాళీ పడి, పక్కల బరువెక్కిపోయాయి. వాటిని పారవేయబోయి ఆగాము. మన దూదేకుల సోదరుల వృత్తి ఉన్నదే ఇందుకు. వింటినారితో దూదిని ఏకి, మంచు తునకల్లా ఎగరవేసి పరుపులు నింపిన నూర్‌బాషాల చేతిపని తెలుగు పల్లెల్లో తరతరాలుగా ఎరిగినదే. ఇప్పుడు వింటి స్థానంలో యంత్రం వచ్చింది, పని చేసేవారు కూడా తగ్గారు. అయినా వెతికితే దొరుకుతారు. రజాయి విప్పి, దూదిని ఒక రోజంతా ఎండబెట్టి, ఏకించి, ఉతికిన పాత గలేబులోనే తిరిగి నింపించాము. రెండింటికీ కలిపి కూలి 750 రూపాయలయింది. ఆ రాత్రి కప్పుకుంటే కొత్త కంబళి గుర్తుకు రాలేదు. ఒక సోదరుని చేతికి పని దొరికిందన్న తృప్తి అదనం.

దూదికి తేమ పడదు. తడిసిన దూది వేడిని నిలపలేదు. కనుక వారానికి రెండుసార్లయినా రజాయిలను ఎండలో వేసి, మధ్యలో ఒకసారి తిరగవేసి, మూడు గంటలకల్లా, వేడి ఉండగానే మడిచి లోపల పెట్టుకోవాలి. పొద్దు గుంకే వరకు బయట ఉంచితే మంచు పట్టి శ్రమ వృథా అవుతుంది.

బొంత కుట్టడం మరిచిపోతున్న ఇళ్లలో దానిని మళ్లీ మొదలుపెట్టవచ్చు. అయిదారు పాత నూలు చీరలు గాని, దుపట్టాలు గాని పొరలుగా పరిచి, అంగుళం దూరంలో పెద్ద కుట్లు వేస్తూ పోవడమే. దారం ఖర్చు తప్ప మరొకటి లేదు. నానీమా పర్యవేక్షణలో పెద్దమ్మాయి మధ్యాహ్నాలు కూర్చొని ఒక బొంత పూర్తిచేసింది. కుట్లు వంకరగానే ఉన్నాయి, వెచ్చదనంలో మాత్రం వంకర లేదు. తాతలనాటి గొంగడి ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే దించండి. మన కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి ఒక తరంతో పోయేది కాదు. ఎండలో దులిపి, మడతల్లో ఎండిన వేపాకు వేసి దాచుకుంటే చాలు. గరుకు అనిపిస్తే లోపల ఒక నూలు దుప్పటి జత చేసుకోవచ్చు.

పసికందుల విషయంలో ఒక హెచ్చరిక. వారిపై బరువైన రజాయి కప్పరాదు, ముఖం మూయరాదు. ఒంటికి సరిపడే పలుచని దుస్తులు రెండు, మూడు పొరలుగా తొడిగి, తల్లి చెంత ఉంచుకోవడమే వారికి మేలు.

దుస్తుల విషయం

ఒక మందపాటి స్వెట్టరు కంటే రెండు పలుచని పొరలు మేలు. నడుమ గాలి నిలుస్తుంది, మధ్యాహ్నం ఒకటి తీసివేయవచ్చు. చలికాలంలో మన పట్టణాలకు వచ్చి ఉన్ని దుస్తులు అమ్మే టిబెటన్ల దుకాణాలలో ఇద్దరు పిల్లలకు రెండు స్వెట్టర్లు తీసుకున్నాము. ఒక కొలత పెద్దవే తీసుకున్నాము, చేతులు మడిచి కుట్టాము, వచ్చే ఏడు విప్పుతాము. పెద్దమ్మాయిది నడిమి పిల్లకు, నడిమి పిల్లది చిన్నవాడికి చేరడం మా ఇంటి ఆనవాయితీ. ఈసారి ఆ వరుసలో చినిగినది ఒక్కటే.

ఫజ్ర్‌కు మస్జిద్‌కు వెళ్లే పెద్దలు చెవులు, ఛాతీ కప్పుకోకుండా బయలుదేరరాదు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఈ విషయంలో వైద్యుని సలహా తీసుకోవాలి. వుజూతో తొడుక్కున్న తోలు మేజోళ్లపై, పాదాలు కడగడానికి బదులు, ఇంటి పట్టున ఉన్నవారికి ఒక రాత్రి ఒక పగలు, ప్రయాణికులకు మూడు రాత్రులు మూడు పగళ్లు తడి చేత్తో తుడుచుకునే సౌలభ్యాన్ని ధర్మం కల్పించింది. మామూలు మేజోళ్ల విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. మీ ఆలిములను అడిగి తెలుసుకోండి.

నీళ్లు, నిమిషాలు, యూనిట్లు

మా ఇంటి ఖర్చు పుస్తకంలో ఎక్కువ పొదుపు కనిపించింది ఇక్కడే. 15 లీటర్ల బకెట్టు నీటిని 18 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.4 యూనిట్ల విద్యుత్తు చాలు. 1,500 వాట్ల వాటర్ హీటర్ కడ్డీతో అది పదహారు, పదిహేడు నిమిషాల పని. కడ్డీ పెట్టి మరో పనిలో పడి గంట మరిచిపోతే ఒకటిన్నర యూనిట్లు కాలిపోతాయి. ఒంటికి పనికివచ్చింది అందులో మూడో వంతు కూడా కాదు. ఇప్పుడు ఫోన్‌లో పదహారు నిమిషాల గంట పెట్టాకే కడ్డీ స్విచ్చి వేస్తున్నాము.

నలుపు రంగు డబ్బాలలో నీళ్లు నింపి ఉదయం నుంచే మేడపై ఎండలో పెడితే మధ్యాహ్నానికి గోరువెచ్చగా అవుతాయి. ఆ నీళ్లు 28 డిగ్రీలకు చేరినా మిగిలిన వేడికి సగం విద్యుత్తు సరిపోతుంది. బడి లేని రోజున పిల్లల స్నానాన్ని, శుక్రవారం జుమా గుస్ల్‌ను పొద్దెక్కాక పెట్టుకోవడం మొదలుపెట్టాక కడ్డీ అవసరమే చాలావరకు తగ్గింది.

కడ్డీ వాడేవారు మూడు నియమాలు తప్పరాదు. బకెట్టు ఇనుముది, స్టీలుది కాకూడదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తరువాతే నీటిని ముట్టుకోవాలి. పిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు.

ఇక వుజూ నీళ్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే సుమారు ముప్పావు లీటరుతో, వుజూ చేసుకునేవారని హదీసులు చెబుతున్నాయి. మన ఇళ్లలో తెరిచి వదిలిన కుళాయి నుంచి ఎన్ని లీటర్లు పోతున్నాయో ఒకసారి బకెట్టు పెట్టి చూడండి. మేము రెండు లీటర్ల థర్మాస్ ఫ్లాస్కు ఒకటి కొన్నాము. రాత్రి వంట పూర్తయ్యాక అదే పొయ్యి మీద నీళ్లు మరిగించి అందులో నింపుతాము. తెల్లవారుజామున వాటికి మూడు లీటర్ల చన్నీళ్లు కలిపితే అయిదు లీటర్ల గోరువెచ్చని నీళ్లు. చెంబుతో పొదుపుగా వాడితే అయిదుగురి వుజూకు సరిపోతాయి. పసివాడికి ఇంకా నమాజు వయసు రాలేదు. నానీమా మొదట ఫ్లాస్కును చూసి దుబారా అన్నారు. వారం తిరగకుండానే దానిని ఎవరూ ముట్టుకోకుండా తన మంచం పక్కన పెట్టుకున్నారు.

వంటింటి సర్దుబాట్లు

చలికి ఆకలి పెరుగుతుంది. ఆ ఆకలిని బిస్కెట్లతో, మాటిమాటికీ టీతో తీర్చబోతే పాలు, చక్కెర ఖర్చు రెట్టింపవుతుంది. రోజుకు రెండుసార్లకు మించి టీ పెట్టడం మానుకొని, సాయంత్రం అల్లం, మిరియాలు వేసిన కషాయం గాని, పల్చని పప్పు కట్టు గాని తాగుతున్నాము. జొన్నరొట్టె మా ప్రాంతపు తిండి. దానికి తోడు మెంతికూర, పాలకూర, వంకాయ, టమాటా ఈ కాలంలోనే చౌక. జామకాయలు, ఉసిరికాయలు కూడా ఇప్పుడే. నువ్వులు, బెల్లం దంచి కట్టిన ఉండలు పిల్లల బడి డబ్బాలోకి చేరాయి. నెలకొక్కసారి పాయా షోర్బా వండుకుంటే ఇంటిల్లిపాదికీ పండుగే.

పెరుగు తోడుకోవడానికి పాలు కొంచెం ఎక్కువ వెచ్చగా ఉన్నప్పుడే తోడు వేసి, గిన్నెకు పాత తువ్వాలు చుట్టి పిండి డబ్బాలో పెట్టండి. కొబ్బరినూనె సీసాను కాసేపు ఎండలో పెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టవలసిన పని లేదు. స్నానం తరువాత ఒళ్లు పూర్తిగా ఆరకముందే ఆ నూనె రాస్తే చర్మం పగలదు. ఖరీదైన క్రీములు మేము ఈ ఏడు కొనలేదు.

లెక్క

ఇంతకూ అయిన ఖర్చు ఇది. రజాయిలకు 750 రూపాయలు. రెండు స్వెట్టర్లకు 700. మేజోళ్లు, చెవుల టోపీలకు 450. థర్మాస్ ఫ్లాస్కుకు 600. గోనెసంచులు, దారం, మేకులు, తెర తాడు వంటివాటికి 150. మొత్తం 2,650 రూపాయలు. మేము చలికాలానికని కేటాయించుకున్నది 3,000. నిరుడు వాయిదాలతో, బిల్లుతో కలిపి చేతి నుంచి పోయినది ఇంతకు మూడు రెట్లు. ఈసారి ఏ కాగితం మీదా సంతకం చేయలేదు.

మిగిలిన 350 రూపాయలతో ఏమి చేయాలని ఇంట్లో చర్చ వచ్చింది. చిన్నవాడు బొమ్మ అన్నాడు. పెద్దమ్మాయి తన బొంతకు అంచు గుడ్డ అడిగింది. నానీమా మాత్రం ఏమీ అనకుండా కిటికీ వైపు చూశారు. మా వీధి చివర కట్టుబడిలో ఉన్న మేడకు కాపలా ఉండే కుటుంబం ఒకటి ఉంది. ఇంకా తలుపులు బిగించని గదిలో, సిమెంటు సంచుల మీద పడుకుంటారు. రాత్రిళ్లు వాళ్లు లోపల చితుకులు రాజేసుకోవడం మేము చాలాసార్లు చూశాము. చూసి, తలుపు వేసుకున్నాము.

ఆ డబ్బుతో ఒక సోలాపూర్ చద్దరు కొన్నాము. దానితో పాటు నిరుడు అప్పు చేసి కొన్న పాలిస్టర్ కంబళ్లలో ఒకటి కూడా తీసుకుపోయాము. రజాయిలు బాగుపడ్డాక దాని అవసరం మాకు లేదు. చద్దరు ఇచ్చి, నిప్పు విషయం చెప్పి, నిరుటి రాత్రి మా పిల్లకు జరిగినది కూడా చెప్పి వచ్చాము. పొరుగువాని ఆకలి గురించి మనకు అందిన బోధ అతని చలికీ వర్తిస్తుందని మేము నమ్ముతున్నాము. ఆ బోధను పాటించడానికి మాకు ఒక ఏడాది ఆలస్యమయింది.

కనుక పాఠకులు తమ చలికాలపు జాబితా రాసుకునేటప్పుడు ఒక వరుసను మొదటే పొరుగువారి కోసం ఖాళీగా ఉంచుకోవలసిందిగా కోరుతున్నాము. చివర మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు. మాకు ఈ ఏడు మిగలడం మా గొప్పతనం కాదు, పాత రజాయిల పుణ్యం. వచ్చే ఏడు మా పుస్తకంలో ఆ వరుసే అన్నిటికంటే పైన ఉంటుంది, ఇన్షాఅల్లాహ్.